డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు

మన పల్లె సంఘములలో తలనెరసిన పెద్దలు కొందరు అక్షరము నేరనివారైనను కీర్తనలును, వాక్యభాగములును కంఠస్థము చేసియుందురు. తగవు వచ్చిన తీర్చువారు వారే; గురువుగారు రాని ఆదివారమున సంఘమును కూర్చువారును వారే. ఈ పెద్దరికము పల్లెలలో ఎట్లు వేరూనెనో యోచించినప్పుడెల్ల మాకొక మహనీయుడు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆయన తెలుగువారు కారు. అయినను తెలుగు సంఘమునకు తండ్రియైరి. అట్టి వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి చరిత్రమును మా విద్యార్థుల నిమిత్తము ఇందు కొంత వ్రాయుచున్నాము.

అజరయ్యగారు 1874 సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై యను గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు సంఘ గురువు. తల్లి ఎలెన్ అమ్మగారు పెక్కేండ్లు సంతానము లేక, హన్నావలె ప్రార్థించి పొందిన బిడ్డ గనుక శామ్యూలను పేరు పెట్టిరి. 1889లో తండ్రి గతించెను. పిమ్మట ఆ బాలుడు తల్లి క్రమశిక్షణలోనే పెరిగెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువు ముగించు వేళ రోగగ్రస్తులై, పట్టము పొందకయే వెడలిరి. (ఇది చదివి మా తరగతులలోని సోమరులు ధైర్యము తెచ్చుకొనకుందురు గాక! ఆయనను ఆపినది జబ్బే గాని బద్ధకము గాదు.)

1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతయు తిరిగిరి. 1902లో యాళ్ప్పాణమునకు వెళ్లి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ద్రవ్యముతో పరప్రాంతములకు సువార్తికులను పంపుట చూచి, తమ తిరునెల్వేలి సంఘము ఇంత పెద్దదయ్యు ఒక్కనినైన పంపలేదని సిగ్గుపడిరి. ఆ సిగ్గు ఫలమే 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ. ఆ సంఘము పొలముగా ఎన్నుకొనినది నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము.

ఇతరులను పొండని పురికొల్పుచు తాను నగరమున నుండుట ఆయన మనస్సాక్షికి ఒప్పలేదు. 1909లో ఉద్యోగము మాని, గురు అభిషేకము పొంది, ముప్పది యైదవ యేట డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకొన నారంభించిరి. ఆ వయస్సున క్రొత్త భాష పట్టుబడుట ఎంత కష్టమో ఉపాధ్యాయులమైన మాకు తెలియును.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో ఆయన ధైర్యముతో మాటలాడిరి. దొరలు మాకొరకు ధనమును, ప్రాణములను ఇచ్చితిరి, అందుకు కృతజ్ఞులము. అయితే మాకు కావలసినది స్నేహము అని ఆయన చెప్పిన దాని సారాంశము. సభలో కొందరు నొచ్చుకొనిరి. వారి ముంగిట వారి తప్పును వారి భాషలోనే మర్యాదగా చెప్పుట సామాన్యము గాదు. రెండేండ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెంట్ పాల్స్ కతీడ్రలునందు ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. ఒక భారతీయుని అధికారము క్రింద తామెట్లు పనిచేయుదుమని దొరలలో కొందరు శంకించిరి. మనవారిలోను కులము పేర గొణిగినవారు లేకపోలేదు. చెప్పుటకు సిగ్గగుచున్నది గాని నిజము.

బిషప్పుగారు ఎద్దుబండిపై పల్లె పల్లెకు తిరిగిరి. ఆ పల్లెలలో సంఘమున చేరినవారు చాలవరకు మాల మాదిగ కూలీలు. వారికి పొలము లేదు, చదువు లేదు, అప్పులు మాత్రముండెను. అట్టివారినే ఆయన సంఘ పెద్దలుగా నిలువబెట్టిరి. బాప్తిస్మము పొందినవారిని తమ చేయి తలపై నుంచుకొని, సువార్త ప్రకటింపకున్న నాకు శ్రమ యని పౌలువలె ఒప్పుకొనుడని చెప్పుచుండిరట. ప్రతి పూట వంటకు ముందు తల్లులు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసి యుంచుటయు ఆ మండలమున వాడుకయయ్యెను. బీదవాడు ఇచ్చుటకు తగినవాడు, ఇచ్చినవాడు అడుగుటకును తగినవాడు అను తలంపు ఆ పిడికెడు బియ్యములో నున్నదని మా అభిప్రాయము. డోర్నకల్‌నందు సేవకులతోపాటు వారి భార్యలకును శిక్షణ నిచ్చుచుండిరి. ఈ పనిలో ఆయన సతీమణి అన్బు అమ్మగారు సగపాలు మోసిరనుట అతిశయోక్తి గాదు.

రాజకీయములలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని ఆయన వాదించిరి. మన సంఘము దేశమునుండి వేరుపడరాదని ఆయన భయము. మతాంతర విషయమున గాంధీగారితో ఆయనకు తీవ్ర భేదముండెను. ఆ విషయమున ఇరువురిలో నెవరును వెనుదీయలేదు.

1939 జనవరి 6న డోర్నకల్ కతీడ్రలు ప్రతిష్ఠింపబడెను. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో నున్న ఆ ఆలయపు గుమ్మటములును, స్తంభములును మన దేశపు గుడులను, మసీదులను తలపించును. సీమ గోపురమును అందు వెదకిన కానరాదు. సంఘములన్నియు నొక్కటి కావలెనని 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ప్రయత్నమునకు ఆయన మొదటినుండి తోడ్పడిరి. 1945 జనవరి 1న డోర్నకల్‌నందు కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో స్థాపింపబడినప్పుడు, దానికై పాతికయేండ్లు పాటుపడిన ఆ పెద్ద ఆ కూటమున లేరు.