తఖ్దీరా, తద్బీరా? – శ్రీ వేణు బప్పు జీవితం

తోకచుక్క కనబడితే కీడని మా మార్కాపురం, గిద్దలూరు వైపు పెద్దలు భయపడేవారు. అదే తోకచుక్క ఒక హైదరాబాదు కుర్రవాడికి పేరు తెచ్చింది.

1901లో నవాబ్ జఫర్ జంగ్ గారు ఇంగ్లండు నుండి పెద్ద దుర్భిణి తెప్పించి హైదరాబాదులో నక్షత్రశాల నెలకొల్పారు. తరువాత అదే నిజామియా అయింది. 1927లో పుట్టిన వేణు బప్పు గారి తండ్రి అందులో ఉద్యోగి. ఆ విధంగా చిన్ననాడే ఆకాశం పరిచయమయింది. స్కాలర్‌షిప్ మీద అమెరికాలో హార్వర్డుకు వెళ్ళి, 1949 జూలైలో ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను కనిపెట్టారు.

మేము బడిలో ఈ సంగతి చెబితే, అంతా నసీబు సార్ అన్నారు పిల్లలు. తోకచుక్క ఆ పలకలో పడటం తఖ్దీరే కావచ్చు. ఆ మసక చుక్కను గుర్తుపట్టింది మాత్రం తద్బీరు. నక్షత్రాల సంగతీ అంతే. ఏ మేఘం ఎక్కడ ముద్ద కడుతుందో ఎవరూ చెప్పలేరు. కట్టిన నక్షత్రం ఇంధనం తీరాక ఆరిపోక తప్పదు. 1957లో విల్సన్‌తో కలిసి, కొన్ని నక్షత్రాల వెలుగులోని కాల్షియం గీతను బట్టి వాటి అసలు కాంతిని లెక్కగట్టే దారి చూపారు.

1982లో మ్యూనిక్‌లో కన్నుమూశారు. కావలూరులో తాను తలపెట్టిన పెద్ద టెలిస్కోపు పూర్తికావడం చూడలేదు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు. మరణం తప్పదు, పని మిగులుతుంది. నసీబు వచ్చేనాటికి మన పిల్లల చేతిలో చదువుండేలా చూడాలని తల్లిదండ్రులకు మా మనవి.