దోర్నకల్ బిషప్ అజరయ్య గారు



పోయిన వారం డైనింగ్ హాలుల జరిగిన కొట్లాట మీ అందరికీ తెలుసు. సరస్వతి పూజ ప్రసాదం ఇద్దరం తీసుకోలేదు. మేము ఈ దేశపోళ్లమే కాదన్నట్టు కొందరు మాట్లాడినారు. అప్పటి నుంచి మా ఇద్దరి బంతి వేరే అయ్యింది. అందుకే ఈసారి ఒక పెద్దమనిషి జీవితం రాస్తున్నాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో తిరునెల్వేలి వైపు వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టినారు. తండ్రి పల్లె పాస్టరు. మనలాగే హాస్టల్లో ఉండి చదువుకున్నారు. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. అయినా 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

తెల్లదొరల డబ్బుతో కాకుండా మన మనుషులతో, మన డబ్బుతోనే సేవ జరగాలని 1903లో తిరునెల్వేలిలో స్నేహితులతో కలిసి ఒక మిషనరీ సంఘం పెట్టినారు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు స్వయంగా వచ్చినారు. అది ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తెలుగు నేర్చుకొని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగినారు. భార్య అన్బు మరియమ్మాళ్ గారు కూడా ఆయనతో పనిచేసినారు.

ఆయనకు అన్ని దిక్కుల పోరాటమే. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందరనే నిలబడి, మీరు మాకు అన్నీ ఇస్తున్నారు గానీ స్నేహం ఇవ్వడం లేదు అనే అర్థం వచ్చేటట్టు చెప్పినారు. కొందరికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా చేసినారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

సంఘం లోపల కూడా కులం ఉండె. మాల, మాదిగ విశ్వాసులు ఒకరితో ఒకరు కలవకపోతే ఆయన ఊరుకోలేదు. దేవుని బల్ల దగ్గర అందరూ ఒక్కటే అని పట్టుపట్టినారు.

1930లలో గాంధీ గారితో భేదం వచ్చింది. పేదవాళ్లు గుంపులుగా మతం మారడం గాంధీ గారికి నచ్చలేదు. ఏ దేవుణ్ణి నమ్మాలో పేదవాడికి కూడా తెలుసు, ఆ హక్కు వాడిదే అని అజరయ్య గారు అనుకున్నారు. అంత గొప్ప నాయకుడు కాదన్నా నమ్మకం విడువలేదు. దేశాన్ని కూడా విడువలేదు. క్రైస్తవులకు వేరే ఓట్ల నియోజకవర్గాలు వద్దు, మేము అందరితో కలిసే ఉంటామని చెప్పినారు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయ్యింది. దానికి మసీదు లాంటి గుమ్మటాలు, దేవాలయం లాంటి స్తంభాలు ఉన్నాయి. ఏసుప్రభువును నమ్మడానికి మన నేల తీరు విడువ పనిలేదని ఆ గోడలే చెప్తాయి. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే చనిపోయినారు.

ఇది చదివినంక నాకు నా తప్పు కూడా తెలిసింది. మా అవ్వ చెంచుల లింగమయ్యను మొక్కుతది, ఏటా సలేశ్వరం జాతరకు పోతది. పోయిన సెలవుల్లో నేను ఆమె దేవుణ్ణి చిన్నచూపు చూసి మాట్లాడిన. అవ్వ ఏమీ అనలేదు, నాకు అంబలి పోసి పక్కనే పండబెట్టుకుంది. ప్రసాదం వద్దనడం నా నమ్మకం. కానీ అవ్వను నొప్పించడం నమ్మకం కాదు, పొగరు. దసరా సెలవులకు పోయినప్పుడు అవ్వకు చెప్తాను.

అక్కలారా, చెల్లెళ్లారా, మీ పూజ మీరు చేయండి, మా ప్రార్థన మేము చేస్తాము. అన్నం మాత్రం రేపటి నుంచి ఒకే బంతిల కూసొని తిందాము.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని