సంఖ్యలను ప్రేమించిన మఠవాసి – ఫాదర్ మెర్సెన్

కొల్లేటిలో పట్టిన 12 చేపలను ఇద్దరైనా, ముగ్గురైనా, నలుగురైనా, ఆరుగురైనా సమంగా పంచుకోవచ్చు. 13 చేపలైతే అలా కుదరదు. ఒక్కరే అన్నీ తీసుకోవాలి, లేదా పదముగ్గురు తలా ఒకటి తీసుకోవాలి. ఇటువంటి సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని మన పిల్లలు బడిలో నేర్చుకుంటారు. పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు ఒక కథోలిక గురువు పేరుతో పిలువబడుతున్నాయని మాత్రం చాలామందికి తెలియదు.

ఆయనే ఫాదర్ మరిన్ మెర్సెన్. 1588 సెప్టెంబరు 8న, మరియమాత జన్మోత్సవం నాడు, ఫ్రాన్సు దేశంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. లా ఫ్లెష్ పట్టణంలో యేసుసభ గురువుల కళాశాలలో చదివి, 1611లో మినిమ్ సభలో చేరారు. పౌలా పురవాసి పునీత ఫ్రాన్సిస్ స్థాపించిన ఈ సభవారు మాంసమే కాదు, గ్రుడ్లు, పాలు కూడ ముట్టేవారు కాదు.

శాస్త్ర పత్రికలు ఇంకా పుట్టని కాలమది. పారిస్ మఠంలోని ఆయన గదే పండితులకు తపాలా కార్యాలయం. డెకార్ట్, ఫెర్మా వంటివారు కనుగొన్న సంగతులను ఆయన ఉత్తరాల ద్వారా మిగిలినవారికి తెలియజేసేవారు. 1633లో గెలీలియోకు శిక్ష పడింది. మరుసటి సంవత్సరమే ఆయన యంత్రశాస్త్రాన్ని ఫాదర్ మెర్సెన్ ఫ్రెంచి భాషలో ప్రచురించారు.

ఇక సంఖ్యల సంగతి. మూడు రెండులను గుణిస్తే 8, ఒకటి తీసివేస్తే 7. అయిదు రెండులను గుణిస్తే 32, ఒకటి తీసివేస్తే 31. రెండూ ప్రధాన సంఖ్యలే. కాని పదకొండు రెండులతో వచ్చే 2047 ప్రధాన సంఖ్య కాదు. అది 23, 89ల లబ్ధం. మరి ఎన్ని రెండులతో ప్రధాన సంఖ్య వస్తుంది? 1644లో ఫాదర్ మెర్సెన్ 257 వరకు ఒక జాబితా ప్రకటించారు. అంత పెద్ద సంఖ్యలను పరీక్షించడానికి ఎంత కాలమైనా చాలదని కూడ ఆయన గ్రహించారు.

1648 సెప్టెంబరు 1న ఆయన మరణించారు. వైద్యుల పరిశోధన కోసం తన దేహాన్ని కోసి చూడమని ముందే కోరారు.

ఆ జాబితాలో తప్పులున్నాయి. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండవలసింది. 127 విషయం సరైనదని 1876లో లూకాస్ నిరూపించారు. అది 39 అంకెల సంఖ్య. 67 రెండులతో వచ్చే 21 అంకెల సంఖ్యను 1903లో కోల్ రెండు భాగాలుగా విడదీసి చూపారు. జాబితా పూర్తిగా సరిచూడడానికి 1947 వరకు, అంటే మూడు వందల సంవత్సరాలకు పైగా, పట్టింది. 2024లో కంప్యూటర్లతో కనుగొన్న మెర్సెన్ ప్రధాన సంఖ్యలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి.

జాబితా తప్పినా ఆయన పేరు నిలిచింది. తనకు తెలిసినది దాచుకోకుండా అందరి ముందు ఉంచారు గనుకనే తరువాతివారు దిద్దగలిగారు. లెక్క తప్పుతుందేమోనని పలక దాచుకొనే మన చిన్నారులకు ఈ గురువు కథ చెప్పండి.