డాక్టర్ విట్మన్ వెంట వచ్చిన బండ్లు

శామ్యూల్ డే దొరగారు తెలుగువారికి సువార్త చెప్పడానికి విశాఖపట్నంలో దిగిన 1836లోనే, అమెరికాలో మరో మిషనరీ దంపతులు పడమటికి ప్రయాణం కట్టారు. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన వైద్యుడు మార్కస్ విట్మన్, ఆయన భార్య నార్సిస్సా. పెళ్లయిన వెంటనే బయలుదేరి, రాకీ పర్వతాలు దాటి, ఆరెగాన్ ప్రాంతంలో వాలావాలా నది దగ్గర కైయూస్ జాతివారి మధ్య మిషన్ కాంపౌండు కట్టుకున్నారు.

సేవ ఫలించలేదు. బాప్తిస్మం పొందిన కైయూస్‌లు బహు కొద్దిమంది. 1839లో వారి రెండేళ్ల కూతురు నదిలో మునిగి చనిపోయింది. 1842లో మిషన్ బోర్డు కాంపౌండు మూసివేయమన్నది. విట్మన్ చలికాలంలోనే గుర్రం మీద బోస్టన్‌కు బయలుదేరి, బోర్డును ఒప్పించి, 1843లో తిరిగి వచ్చారు. ఈసారి ఆయనతో సుమారు వెయ్యిమంది వలసదారులున్నారు. వారి బండ్లకు దారి చూపుతూ, రోగులకు మందిస్తూ నడిచారు.

వారెందుకు కదిలారు? పడమటి నేలను దేవుడు తమకే రాసిపెట్టాడన్న మాట ఆ రోజుల్లో గట్టిగానే వినబడేది. ఇంట్లో మాట్లాడుకున్న కారణాలు వేరు. 1837 ఆర్థిక సంక్షోభం తరువాత పంటకు ధర లేదు, అప్పులు మిగిలాయి. మిస్సిసిపి లోయలో ఏటేటా చలిజ్వరం. ఆరెగాన్ వెళ్తే 640 ఎకరాలు ఇచ్చే చట్టం రాబోతోందన్న ఆశ. మన డెల్టా రైతు ఆ అంకె వింటే నోరు తెరుస్తాడు! పిల్లలకు నేల కావాలనుకున్న ఆ తండ్రులను నేను తప్పుపట్టలేను. కాని ఆ నేల ఖాళీగా లేదు.

సంఘకాపరిగా నన్ను గుచ్చేది ఇక్కడే. కైయూస్‌ల కోసం వెళ్లిన విట్మన్ మెల్లగా వలసదారుల మనిషయ్యారు. కాంపౌండు బండ్లకు మజిలీ అయింది. దారిలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఏడుగురు సేగర్ పిల్లలను 1844లో ఆ దంపతులు చేరదీశారు. ఆ ప్రేమ నిజమైనదే. కైయూస్‌లకు మాత్రం ఏటేటా పెరిగే బండ్లే కనబడ్డాయి.

1847లో తట్టు సోకింది. ఆయన వైద్యం చేసిన వలసదారుల పిల్లలు చాలామంది కోలుకున్నారు. కైయూస్‌లు దాదాపు సగంమంది చనిపోయారు. డాక్టరు విషం పెడుతున్నాడన్న అనుమానం పాకింది. రోగి చనిపోతే వైద్యుని ప్రాణం తీయడం వారి ఆచారంలో ఉంది. నవంబరు 29న విట్మన్ దంపతులనూ, మరికొందరినీ చంపారు.

1850లో ఐదుగురు కైయూస్‌లను ఉరితీశారు. దంపతులకు 640 ఎకరాలిచ్చే చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. ఆ నేల విషయమై కైయూస్‌లతో ఒప్పందం చేసుకున్నది మరో ఐదేళ్లకు.