నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య రంగా

నేను మన బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్న రోజులు. కొత్తగా వచ్చిన తెలుగు మాష్టారు ఒక్కొక్కరినీ లేపి తండ్రి ఏం చేస్తారని అడిగారు. ఒకరు రైల్వే అన్నారు, ఒకరు కిరాణా కొట్టన్నారు. నా వంతు వచ్చేసరికి, మా నాన్న ఏమీ చెయ్యరని, వ్యవసాయమేనని చెప్పాను. అప్పుడు ఇంట్లో గోగునార తీస్తున్నాం. చెరువులో నానిన గోగు కట్టల వాసన ఎంత సబ్బు పెట్టి తోమినా చేతుల్ని వదలదు. ఆ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

మాష్టారు నన్నేమీ అనలేదు. మర్నాడు పాఠం పక్కన పెట్టి ఆచార్య ఎన్.జి. రంగా గారి గురించి చెప్పారు. అప్పటికి ఆయన గుంటూరు ఎం.పి.గా ఉన్నారు. ఆ తరువాత ఆయన గురించి దొరికినదల్లా చదివాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు ఆయనే గుర్తుకొచ్చారు.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరులో చదివి, ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివారు. 1926లో పట్టా పుచ్చుకుని తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. పేరు ముందున్న ‘ఆచార్య’ అలా వచ్చిందే. డెల్టా పల్లెల ఆర్థిక స్థితి మీద, చేనేతవారి బతుకు మీద పుస్తకాలు రాశారు. ఆ ఉద్యోగంలోనే స్థిరపడి ఉంటే జీవితం సుఖంగా గడిచిపోయేది. కాని 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. గాంధీజీ పిలుపుతో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచి, రైతు ఉద్యమాల్లో జైలుకెళ్ళారు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది నిడుబ్రోలులో పెట్టిన రైతాంగ విద్యాలయం. రైతు తరఫున ప్లీడరో దొరగారో మాట్లాడితే చాలదని, రైతుబిడ్డే చదువుకుని లెక్కలు, చట్టాలు తెలుసుకుని తన మాట తానే చెప్పుకోవాలని ఆయన నమ్మకం. ఆ బడిలో శిక్షణ పొందిన యువకులు ఊళ్ళకు వెళ్ళి రైతు సంఘాలు పెట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగా గారు ప్రధాన కార్యదర్శి.

ఆ రైతు ఉద్యమం మన ఉత్తరాంధ్ర నేల మీదుగా కూడా నడిచింది. 1937-38లో రైతులు ఇచ్ఛాపురంలో బయలుదేరి సుమారు 1,500 మైళ్ళు కాలినడకన మద్రాసు వరకు వెళ్ళి, జమీందారీలు పోవాలని అర్జీలిచ్చారు. పదేళ్ళ తరువాత, 1948లో, మద్రాసు శాసనసభ జమీందారీ రద్దు చట్టం చేసింది. విజయనగరం, బొబ్బిలి జమీందారీల మధ్య బతికిన మన తాతలకు ఆ చట్టం విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

రాజకీయాల్లో ఆయన తోవ సాఫీగా సాగలేదు. 1959లో కాంగ్రెసు నాగపూరులో సహకార సేద్యం తీర్మానం చేసింది. తన కమతం మీద రైతుకు హక్కు పోతుందని రంగా గారు దానికి అడ్డం తిరిగారు. నెహ్రూ గారిని ఎదిరించి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. 1967 ఎన్నికల్లో ఓడిపోయారు. అప్పుడు గౌతు లచ్చన్న గారు తాను గెలిచిన శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని వదులుకున్నారు. ఉప ఎన్నికలో శ్రీకాకుళం ప్రజలు రంగా గారిని గెలిపించి ఢిల్లీ పంపారు. తరువాత ఆయన మళ్ళీ కాంగ్రెసులో చేరారు.

ఆయన భూమి ఉన్న రైతు గురించి మాట్లాడినంతగా కూలివాడి గురించి మాట్లాడలేదని విమర్శ ఉంది. కమ్యూనిస్టులతో దారి వేరు కావడానికి అదీ ఒక కారణమే. వలస వెళ్ళి పొట్టపోసుకునే కుటుంబాలు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో ఆ విమర్శను కొట్టిపారెయ్యలేం.

1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటేడు రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఆ విశ్వవిద్యాలయం వారి కళాశాల నైరలో ఉంది, పరిశోధన కేంద్రం రాగోలులో ఉంది. మా నాన్న చాలా ఏళ్ళు చెరువు కింద చల్లిన శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్.జి.ఎల్. 2537, రాగోలు విత్తనమే. విత్తనం తెచ్చిన సంచి మీద రంగా గారి పేరు చూసి నేను ఆయన కథ చెబితే, మా నాన్న విని, గింజ మంచిదని మాత్రం అన్నారు.

నేను ఇంజనీరునై ఊరు వదిలి ముప్పై ఏళ్ళు దాటింది. రంగా గారు ఆక్స్‌ఫర్డ్ నుంచి నిడుబ్రోలు తిరిగి వచ్చారు. నేను పండక్కి మాత్రమే వచ్చాను. నాన్న పోయాక పొలం కౌలుకిచ్చాం. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆనాడు తరగతిలో పడ్డ సిగ్గు అనవసరమైనది, ఈ సిగ్గు మాత్రం న్యాయమైనదే.

అందుకే మన సంఘానికి ఒక మనవి. ఏటా మన బడి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక రోజు రాగోలు, నైర తీసుకెళ్ళి చూపిద్దాం. మొదటి ఏడు బస్సు ఖర్చు నాది. తండ్రి ఏం చేస్తారని ఏ మాష్టారైనా అడిగితే, మన పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకోకుండా జవాబు చెప్పాలి.