ఆరు చుక్కల అక్షరదాత లూయీ బ్రెయిలీ

చూపులేని వారికి వేలికొనలతో చదువుకొనే విద్యను ప్రసాదించిన లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సులో, పారిస్ సమీపంలోని కూవ్రే గ్రామంలో జన్మించారు. తండ్రి గుర్రపు జీనులు కుట్టే పనివాడు. మూడేళ్ల ప్రాయంలో లూయీ తండ్రి పనిశాలలో తోలుకు రంధ్రాలు పొడిచే ఆరెతో ఆడుకొంటుండగా అది కంటిలో గుచ్చుకొంది. గాయం చీముపట్టి రెండవ కంటికీ ప్రాకింది. ఐదేళ్లు నిండేసరికి ఆ బాలునికి చూపు పూర్తిగా పోయింది.

తల్లిదండ్రులు అతనిని ఇంట కూర్చోబెట్టలేదు. తోటి పిల్లలతో పాటు ఊరి బడికే పంపారు. 1819లో పారిస్‌లోని అంధ బాలల విద్యాలయంలో చేర్చారు. అక్కడి పుస్తకాలలో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా ముద్రించేవారు. అవి పెద్దవి, బరువైనవి, కొద్దిపాటివి. తడిమి చదవడం ఆలస్యం; చేత్తో వ్రాయడం పిల్లలకు అసాధ్యం.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి పన్నెండు చుక్కల లిపిని ఆ విద్యాలయానికి పరిచయం చేశారు. అది ధ్వనులను తెలుపుతుందే గాని వర్ణక్రమాన్ని తెలుపదు. ఒక్కొక్క గుర్తు వేలికొన క్రింద ఇమడదు. లూయీ ఆ లోపాలను సరిదిద్ది, 1824లో పదిహేనేళ్ల వయసుకే ఆరు చుక్కల లిపిని రూపొందించారు. ఆరు చుక్కలతో 63 గుర్తులు ఏర్పడతాయి. 1829లో దానిని పుస్తకరూపంలో వెలువరించారు. అదే విద్యాలయంలో ఉపాధ్యాయులై పిల్లలకు నేర్పారు.

1840లో వచ్చిన కొత్త సంచాలకుడు ఈ లిపిని నిషేధించారు. చూపున్నవారి లిపికి భిన్నమైనది అంధులను సమాజానికి దూరం చేస్తుందని ఆ కాలపు పెద్దల భయం. అయినా పిల్లలు దానిని విడువలేదు. 1844లో కొత్త భవన ప్రారంభోత్సవాన, అతిథుల ఎదుట విద్యార్థులు చుక్కలలో వ్రాసి, చదివి చూపగా నిషేధం సడలింది. చూపున్నవారు కూడా చదవగలిగే అక్షరాలను చుక్కలతో వ్రాసే యంత్రాన్ని 1841లో అంధ మిత్రుడు పియేర్ ఫూకో తయారుచేయగా, ఆ చుక్కల పద్ధతి బ్రెయిలీదే.

క్షయవ్యాధితో 1852 జనవరి 6న, 43 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మరి రెండేళ్లకు ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది.

మన దేశంలో 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడింది. తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలో 'క' అక్షరానికి చుక్కలు ఒక్కటే. కంటికి వేర్వేరుగా కనిపించే లిపులు వేలికి ఒకే లిపి. రెండు భాషల నడుమ పెరిగే మన సరిహద్దు బిడ్డలకు ఇంతకుమించిన వరమేమున్నది?

నేడు ఫోన్లు పాఠాన్ని చదివి వినిపిస్తున్నాయి. కాని వర్ణక్రమం చేతితో చదివితేనే పట్టుబడుతుంది. పరికరం ఇవ్వగానే పని ముగియదు. బిడ్డకు ఎంత చూపున్నదో, ఏ సాధనం సరిపడునో ముందు పరీక్షింపజేయాలి. పిదప శిక్షణ ఇప్పించాలి. నిర్ణీత స్థాయిలో వైకల్యమున్న 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య 2016 చట్టం ఇచ్చిన హక్కు. బిడ్డను బడికి పంపిన ఆ కూవ్రే తల్లిదండ్రులే మనకు ఆదర్శం.