భావోద్రేకములకు హేతువు వెదకిన స్పినోజా

హాలండు దేశపు తత్త్వవేత్తలలో అగ్రగణ్యుడైన స్పినోజా 1632లో ఆమ్‌స్టర్‌డాము నగరమున, పోర్చుగలు నుండి తరలివచ్చిన యూదుల వర్తక కుటుంబమున జన్మించెను. మతవిరుద్ధ భావములు గలవాడని 1656లో ఆ సమాజమువారు అతనిని వెలివేసిరి. అప్పటి కాతనికి 23 ఏండ్లు. దూరదర్శినులకు, సూక్ష్మదర్శినులకు వలయు అద్దములను సానబట్టుచు నిరాడంబరముగ జీవించెను. 1673లో హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభింపగా, ఆలోచనాస్వేచ్ఛకు భంగము కలుగునేమోయని దానిని నిరాకరించెను.

అతని ప్రధానగ్రంథము లాటిను భాషలో రచించిన ‘నీతిశాస్త్రము’. కామక్రోధాదులను నిందించుటకు మారుగా, గణితజ్ఞుడు త్రికోణమును పరిశీలించునట్లు అతడు వానిని పరిశీలించెను. కోరిక, సంతోషము, దుఃఖము అను మూడింటినుండియే తక్కిన భావములు పుట్టునని చెప్పి, మొత్తము 48 నిర్వచనములు కూర్చెను. ఫలానిది కారణమను తలంపుతో కూడిన సంతోషము ప్రేమ. అట్టి తలంపుతో కూడిన దుఃఖము ద్వేషము. భావమునందు తలంపు ఇమిడియున్నచో, ఆ తలంపు సత్యమా, అసత్యమా యని విచారింపవచ్చును. త్రాటిని జూచి పామని వెరచువాని భయమునకు కారణము కలదు గాని, తగిన హేతువు లేదు. అయితే బుద్ధి బోధించినంత మాత్రమున ఉద్రేకము అణగదనియు, దానికంటె బలవత్తరమైన మరియొక భావమే దానిని అణచగలదనియు స్పినోజా గుర్తించెను.

ఈ సిద్ధాంతమునకు అతని జీవితముననే పరీక్ష వచ్చినది. 1672లో ఫ్రెంచిసేనలు హాలండుపై దండెత్తెను. ఆ విపత్తునకు కారకుడని యెంచి, 19 సంవత్సరములు ప్రభుత్వమును నడపిన యోహాన్ డి విట్‌ను, అతని అన్న కొర్నెలిస్‌ను ఆగస్టు 20న హేగు నగరమున జనసమూహము చంపివేసెను. స్పినోజా అప్పు డా నగరముననే యుండెను. ద్వేషమెన్నడును మేలు కాజాలదని బోధించిన ఆ శాంతమూర్తి, హంతకులను గర్హించు పత్రమును ఆ చోట అంటించుటకై రాత్రివేళ బయలుదేరగా, ఇంటి యజమాని తలుపునకు తాళము వేసి ఆపెనట. ఈ వృత్తాంతమును, 1676లో అతనిని దర్శించిన జర్మను పండితుడు లైబ్నిజ్ వ్రాసియుంచెను.

గుంపు కోపమునకు మూలము ఋజువుకాని అనుమానము. స్పినోజా కోపమునకు మూలము కన్నులయెదుటి అన్యాయము. రెండును కోపములే యైనను, వాని హేతువులు సమానములు కావు. అయినను తన కోపమునకు న్యాయమున్నదని అతడు సిద్ధాంతమును సడలింపలేదు. 1677 ఫిబ్రవరి 21న, 44 ఏండ్ల ప్రాయమున హేగులో కన్నుమూసెను. ఆ యేడే మిత్రులు ప్రకటించిన ‘నీతిశాస్త్రము’లో, ఆగ్రహము చెడ్డదను నిర్ణయము చెక్కుచెదరక నిలిచియున్నది. తగిన హేతువున్నంత మాత్రమున కోపము మేలగునా? ఆ గ్రంథమును, ఆ రాత్రియు కలిసి ఈ ప్రశ్నను నేటికిని చదువరుల ముందుంచుచున్నవి.